లాఠీ ఎత్తకముందే ఒక మాట

కైకలూరు: మతి చలించిన మనిషి కత్తి పట్టుకుని వీధిలో కేకలేస్తుంటే ఊరివారు ముందు కబురు పెట్టేది పోలీసులకే. కొల్లేటి లంక గ్రామాలకు జీపు రావడానికే సమయం పడుతుంది. ఈలోగా చుట్టూ మూగిన జనం అతన్ని మరింత బెదరగొడతారు. వచ్చిన కానిస్టేబులు మొదటి రెండు నిమిషాలు ఎలా మెలిగాడన్నదే ముఖ్యం.

అమెరికాలో ఆ రెండు నిమిషాలను కళ్లకు తగిలించుకునే యంత్రంతో నేర్పుతున్నారు. వర్చువల్ రియాలిటీ అంటారు. అది పెట్టుకుంటే ఎదుట మనిషి నిలబడి అరుస్తున్నట్టే ఉంటుంది. గద్దిస్తే రెచ్చిపోతాడు, కాస్త ఎడంగా నిలిచి, పేరడిగి, నెమ్మదిగా మాట్లాడితే చల్లబడతాడు. పొరబడినా ఎవరికీ దెబ్బ తగలదు. ఉద్రిక్తతను మాటతో చల్లార్చే శిక్షణకు నిధులిచ్చేందుకు అక్కడ 2022లో చట్టమే చేశారు.

మన దగ్గర యంత్రాల మాట ఎలా ఉన్నా, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులకు ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇవ్వాలంటోంది. ఇలాంటి రోగిని లాకప్‌లో ఉంచరాదు. 24 గంటలు మించకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఇది ఇంటివారికీ తెలియాలి. స్టేషనుకు ఫోన్ చేసినప్పుడే జబ్బు సంగతి, వాడే మందుల సంగతి చెప్పడం మంచిది. టెలీ మానస్ నంబరు 14416కు చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు, తెలుగులోనే.