అతుకుల బొంత

ఒక సంవత్సరం ఇంటర్మీడియట్ విద్యార్థినుల వ్యాసాలు దిద్దుతూ, ఒక వ్యాసం అంచున ఎర్రసిరాతో "అతుకుల బొంత" అని వ్రాశాము. నాలుగు పుస్తకాల నుండి నాలుగు పేరాలు ఎత్తి వరుసగా పేర్చిన వ్యాసమది. తెలుగు చెప్పేవారికి ఈ మాట వాడడం అలవాటే. మరునాడు ఆ అమ్మాయి కాగితం పట్టుకొని వచ్చి, "సార్, బొంత అంటే ఏమిటి?" అని అడిగింది. పరిహాసం కాదు, నిజంగానే తెలియదు. నిఘంటువు చెప్పే అర్థం చెప్పి పంపివేశాము. కాని ఆ ప్రశ్న మమ్ము చాలా దినాలు వదలలేదు. తిట్టు మిగిలి ఉన్నది; వస్తువు కనుమరుగవుతున్నది. అందుచేత ఆ వస్తువును గురించి మేమెరిగినంత ఇక్కడ వ్రాస్తున్నాము.

వాడి వాడి పలచబడిన నూలు బట్టలను పొరలుగా పరచి, చేతి కుట్టుతో ఒక్కటిగా బిగించినది బొంత. పరుచుకొనడానికీ కప్పుకొనడానికీ అదే. దూది నింపినది రజాయి. దానికీ దీనికీ చుట్టరికమే గాని రెండూ ఒకటి కావు. సంస్కృతంలో దీనిని కంథ అన్నారు. ఉర్దూలో గుదడీ, మరాఠీలో గోధడీ, కన్నడంలో కౌది. పైపొరకు నిండు బట్ట దొరకనప్పుడు చిన్న చిన్న ముక్కలను అతికి నిండు బట్టగా చేస్తారు. అదే అతుకుల బొంత.

చీరకూ బొంతకూ లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి. మామూలు చీర పొడవు ఐదున్నర మీటర్లు, అనగా దాదాపు 18 అడుగులు. దానిని మూడు మడతలు వేస్తే ఆరడుగులు. వెడల్పు ఎట్లాగూ 45 అంగుళాల వరకు ఉంటుంది. మనిషి పడుకొనడానికి చాలిన కొలత కత్తెర పెట్టకుండానే వచ్చింది. రెండు చీరలు తీసుకొంటే ఆరు పొరలు. చలికాలానికి మూడవ చీరో, రెండు పాత పంచెలో నడుమ చేరుతాయి. ఒక్క మందపాటి దుప్పటి కంటె ఈ పలచని పొరలు వెచ్చగా ఉండడానికి కారణం వాటి నడుమ చిక్కిన గాలి. కదలని గాలి వేడిని త్వరగా పోనివ్వదు.

పాత బట్టనే ఎందుకు వాడాలి? పేదరికం ఒక్కటే కారణమనుకొనడం పొరపాటు. కొత్త నూలుబట్ట ఉతికినకొద్దీ కుంచించుకొని పోతుంది. ఒక్కొక్కటి ఒక్కొక్క పాళ్ళలో. అటువంటి వాటిని కలిపి కుడితే మొదటి ఉతుకులోనే బొంత ముడతలు పడుతుంది. నూరు సార్లు ఉతికిన చీర కుంచించుకొనవలసినంత ఎప్పుడో కుంచించుకొన్నది. రంగు వదలవలసినదంతా వదిలినది. పైగా ఆ మెత్తదనం కొత్తబట్టకు రాదు. పసిబిడ్డల పొత్తిళ్ళకూ ఉయ్యాల బొంతకూ తల్లులు ఏరికోరి పాతబట్టలు తీసేది అందుకే.

మొదట బట్టను వెలుతురుకు ఎత్తి చూడాలి. జల్లెడ వలె కనబడే చోట్లు తీసివేయాలి. మిగిలినదానిని రెండు చేతులతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగి చూస్తే దాని సత్తువ తెలుస్తుంది. గట్టిది పైకీ క్రిందికీ, నీరసమైనది నడుమకు. చీర అంచులు ఊడదీసి వేరుగా చుట్టిపెట్టుకొనవలెను. చివర బొంత చుట్టూ వేయడానికి అంతకంటె గట్టి పట్టీ లేదు. జరీ పనికిరాదు, గుచ్చుకొంటుంది. గంజి పూర్తిగా పోయేటట్లు ఉతికి, ఎండలో ఆరవేయాలి. ఎర్రనివీ నల్లనివీ తడిపి, తెల్లగుడ్డలో ఒత్తి చూచి, రంగు దిగకపోతేనే కలుపుకోవాలి.

ఇక అతుకులు. ముక్కలను కత్తెరతో కోయడం కంటె, చిన్న గాటు పెట్టి చేతితో చించడం మేలు. నేతబట్ట నూలుపోగు వెంట తిన్నగా చినుగుతుంది. కత్తెర ఐతే ఎటైనా పోతుంది. అన్ని ముక్కల పడుగూ ఒకే దిక్కున ఉండేటట్లు పేర్చాలి. ఐమూలగా పడిన ముక్క సాగి సాగి సంచి వలె వ్రేలాడుతుంది. ముక్కను ముక్కకు చేర్చి పట్టీలు, పట్టీలను చేర్చి పైబట్ట. పావు అంగుళం లోపలికి మడిచి కుట్టి, చెంబు అడుగుతో రాచితే అతుకు అణుగుతుంది. రంగుల పొందిక ఎవరి కంటికి తోచినట్లు వారిది. దానికి మేము సూత్రం చెప్పలేము. చెప్పినా మా చెల్లెళ్ళు ఒప్పుకొనరు.

పొరలు పరచడమే అసలు పరీక్ష. చదునైన నేలపై చాప వేసి, అడుగుబట్ట బిగువుగా పరచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ఒక్కొక్క పొరా నడుమ నుండి అంచులకు అరచేతితో నిమురుతూ వేయాలి. తరువాత నడుమ నుండి బయటికి పొడుగు పొడుగు టాకాలు. ఇవి పొరలు కదలకుండా ఉండడానికే. పని ముగిసిన పిదప తీసివేస్తారు. ఆపైన అసలు కుట్టు. దబ్బనమో పెద్దసూదో, ముతక నూలుదారం, దానికి కాస్త మైనం. సూదిని ముంచి లేపుతూ సాగించే సాదాకుట్టే. అలంకారం ఏదీ లేదు. కాని ప్రతి కుట్టూ అన్ని పొరలనూ దాటి వెనుకకు తేలవలెను. అంగుళానికొక వరుస, అర అంగుళానికొక కుట్టు వేసుకొంటే, 45 వరుసలలో 6,480 కుట్లు అవుతాయి. మేము ఒక మధ్యాహ్నమంతా కూర్చొని మూడు వరుసలు దాటలేదు.

ఈ సంగతులు మాకు పుస్తకంలో దొరికినవి కావు. మా నానీ తన చీరలతోనూ మా నానా లుంగీలతోనూ కుట్టిన బొంత ఒకటి మా ఇంట ఉండేది. ఆమె మరణించిన రెండేళ్ళకు, ఇల్లు మారుతూ, ఇంత బరువు ఎక్కడ మోసేదని, పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమెకు దానిని వేసి ఒక గిన్నె పుచ్చుకొన్నాము. ఇచ్చినది మేమే, ఇంకొకరి తప్పు లేదు. ఆ గిన్నె ఇంకా మా వంటయింటిలో ఉన్నది.

విద్యార్థిని ప్రశ్న తరువాత మాకు ఆ గిన్నె చూచినప్పుడెల్లా మనస్సు బాగుండక, ఒక బొంత కుట్టించాలని దర్జీ దుకాణంలో మిగిలిన ముక్కలు రెండు సంచులు తెచ్చాము. అన్నీ పాలియెస్టరు, మెరుపు గుడ్డలు. మా ఖాలా వాటిని వ్రేళ్ళ నడుమ రాచి చూచి, "ఇది గుడ్డ కాదు బేటా, జారుడుబండ. దీని మీద నిద్ర పడుతుందా?" అన్నది. మేము వినక నాలుగు ముక్కలు అతికాము. పొర మీద పొర జారింది. లాగితే దారం బట్టను కోసింది. చెమట పీల్చని బట్ట కప్పుకొంటే ఉక్క తప్ప వెచ్చదనం ఉండదని కూడ తెలిసింది. అప్పుడు ఖాలా తన పెట్టె తెరచి, నానీ చీర ఒకటి, తనవి రెండు తీసి మా ముందు పెట్టింది. నానీ చీర ఆమె వద్ద ఉన్నట్లు మాకు అంతవరకు తెలియదు.

ఖాలా చేతిలో కుట్టు ఒక కొస నుండి రెండవ కొసకు తిన్నగా సాగింది. అందరిదీ ఇదే దారి కాదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు ఆఫ్రికా నుండి వచ్చినవారి సంతతి. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. ఆ స్త్రీలు కుట్టే బొంతను కవంది అంటారు. వారు అంచున మొదలుపెట్టి, ముక్కలను అప్పటికప్పుడు అతుకుతూ, చుట్టూ తిరిగి తిరిగి నడుమకు చేరుతారు. చివర మూలలలో చిన్న త్రికోణపు మడతలు కుడతారు. వాటికి పువ్వులని పేరు. అవి లేని కవంది వారి కంటికి బట్ట కట్టనిదే.

మన తిట్టు సంగతికి వస్తే, ఉర్దూ చదివినవారికి ఇక్కడ ఒక విశేషం తోచక మానదు. అతుకు వేయడమనే అరబ్బీ ధాతువు నుండి పుట్టినది 'మురఖ్ఖా' అనే మాట. సూఫీల అతుకుల అంగీకి ఆ పేరున్నది. చిత్రాలూ వ్రాతలూ ఏరి కూర్చిన గ్రంథానికీ అదే పేరు. జహంగీరు కొరకు కూర్చిన మురఖ్ఖా-ఎ-గుల్షన్ టెహ్రాన్‌లోని గులిస్తాన్ రాజభవన గ్రంథాలయంలో ఉన్నది. గాలిబు కవితలకు చుగ్తాయీ వేసిన చిత్రాల సంపుటి 1928లో మురఖ్ఖా-ఎ-చుగ్తాయీ అనే పేరుతోనే వెలువడింది. అక్కడ గ్రంథానికి గౌరవనామమైన అతుకు ఇక్కడ ఎర్రసిరా తిట్టు ఎందుకైనదో మేము చెప్పలేము.

వంగదేశంలో బొంత కావ్యవస్తువే ఐనది. జసీముద్దీన్ 1929లో ప్రకటించిన 'నక్షీ కాంథార్ మాఠ్' లో ఎడబాటుకు గురియైన షాజు తన జీవితకథనంతా బొంతపై కుట్టి, దానిని తన సమాధిపై పరచమని తల్లిని కోరుతుంది.

ఇప్పుడు దుకాణాలలో పాతకాలపు తీరు బొంతలని అమ్ముతున్నారు. కొన్నిటికి కొత్తబట్టను తేయాకు డికాక్షనులో ముంచి వెలిసిన రంగు తెప్పిస్తారు. కొన్నిటిపై అతుకులను అచ్చు వేస్తారు. అచ్చు వేసిన అతుకును గోటితో గీరి చూచాము. అది దుప్పటి, మంచి దుప్పటే కావచ్చు.

ఖాలాతో కలిసి కుట్టిన బొంత మూడు నెలలకు పూర్తియైనది. మా చెల్లెలి బిడ్డ కొరకు కుట్టినదే ఐనా, ఇచ్చేముందు ఒక దినం తరగతికి తీసుకొనిపోయాము. ఆ అమ్మాయి దానిని వెనుకకు త్రిప్పి చాలాసేపు చూచింది. అతుకులన్నీ ముందువైపే, వెనుక నానీ చీర మీద కుట్టువరుసలు తప్ప మరేమీ లేవు. పాత వ్యాసం తెప్పించుకొని, మేము వ్రాసిన మాట కొట్టివేసి, "కుట్టు లేదు" అని వ్రాశాము. మార్కులు మాత్రం మార్చలేదు.

సెలవులకు వెళ్ళి వచ్చిన తరువాత ఆమె ఒక సంగతి చెప్పింది. తమ నాయనమ్మ గారింటిలో బియ్యపు డబ్బాపై పరచి ఉన్నది బొంతేనట. ఒక మూల ఎలుకలు కొరికినవట. దానిని బాగుచేయాలి, దబ్బనం ఎక్కడ దొరుకుతుందని అడిగింది. గోనెసంచులు కుట్టేవారి దగ్గర అడగమన్నాము.