గొంతు దిగితే నమ్మకం... లేస్తే అనుమానం!

'వచ్చాడు' అనే మాటను చివర్లో గొంతు ఎత్తి పలికి చూడండి. ప్రశ్న అయిపోతుంది. అయినా పదం అర్థం మారదు. తెలుగులో పదాన్ని మార్చేది దీర్ఘం. పడు, పాడు... చూశారుగా! కొన్ని భాషల్లో ఆ పని గొంతు ఎత్తుపల్లాలే చేసేస్తాయి. దీన్నే 'టోన్' అంటారు. పంజాబీలో గుర్రానికీ కొరడాకీ పలుకు దాదాపు ఒక్కటే, టోన్‌ని బట్టే తేడా తెలుస్తుంది.

ఇలాంటి భాషను కొత్తగా తయారుచేయొచ్చా? అమెరికాకు చెందిన భాషాశాస్త్రవేత్త, సైన్స్ ఫిక్షన్ రచయిత్రి సుజెట్ హేడెన్ ఎల్గిన్ 1982లో చేసి చూపించారు. స్త్రీల అనుభవాలను సూటిగా చెప్పగలిగే భాష కావాలని 'లాదన్'ను సృష్టించారు. 1984లో వచ్చిన ఆమె నవల 'నేటివ్ టంగ్'లోనూ ఈ భాష ఉంది.

లాదన్‌లో అచ్చులు ఐదే. ప, క లాంటి హల్లులు అసలు లేవు. గొంతు పెంచాల్సిన అచ్చు మీద చిన్న ఏటవాలు గీత పెడతారు. గీత లేకపోతే మామూలుగా పలకాలి.

అసలు మజా వాక్యం చివర ఉంటుంది. చెప్పిన సంగతి మీకెలా తెలిసిందో అక్కడ ఒక చిన్న మాటతో చెప్పాలి. స్వయంగా చూసి ఉంటే 'వ'. నమ్మకమైన మనిషి చెబితే 'వా', గొంతు పైనుంచి కిందికి దిగాలి. చెప్పిన మనిషి మీద నమ్మకం లేకపోతే అదే 'వా' కింద నుంచి పైకి లేవాలి. రాతలో తేడా గీత ఏ 'అ' మీద ఉందన్నదే!

కోడ్ రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. టెక్స్ట్‌ను శుభ్రం చేసేటప్పుడు అక్షరాల మీది గీతలు తీసేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ ఒక్క లైన్‌తో లాదన్‌లో నమ్మకం, అపనమ్మకం ఒకటైపోతాయి. వియత్నామీస్, యోరుబా లాంటి నిజమైన భాషల్లోనూ ఇదే ప్రమాదం. వాయిస్ టెక్నాలజీ వైపు వెళ్లాలనుకుంటే ఈ సంగతి ముందే తెలిసుండాలి.

ఈ వారాంతం మీరే ఓ చిన్న భాష కట్టి చూడండి. 10 హల్లులు, 5 అచ్చులు తీసుకుంటే 50 అక్షరాలు వస్తాయి. రెండక్షరాల మాటలు 2,500 అవుతాయి. ప్రతి అక్షరానికీ రెండు టోన్లు పెట్టండి... 10,000! తర్వాత 'ప్రాట్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ గొంతు రికార్డు చేయండి. పిచ్ గీత ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో తెరపైనే కనిపిస్తుంది. ఆ మాటల్ని ఫ్రెండ్‌కి వినిపించి, ఏది ఏదో చెప్పమనండి. తడబడుతుంటే మీ టోన్ల మధ్య దూరం చాలలేదన్నమాట. పెంచి మళ్లీ ప్రయత్నించండి.