రంగంతా తొక్కదే

మహారాష్ట్రలోని భివండీ శాంతినగర్‌లో సాంచాల (మరమగ్గాల) మీద దిగేది ఎక్కువగా గ్రే బట్టే. రంగు పని తర్వాత ప్రాసెస్ హౌస్‌లో. రంగు ఎక్కడం వేరు, ఎక్కిన రంగు నిలవడం వేరని అక్కడి మన నేతన్నలకు ఒకరు చెప్పనక్కర్లేదు. రెడ్ వైన్ చేసేవాళ్ల తిప్పలూ ఇవే.

భివండీలాగే తెలుగు పద్మశాలీలు స్థిరపడ్డ మరో ఊరు షోలాపూర్. ఆ జిల్లాలోని అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి వైనరీ ఉంది. అక్లూజ్‌లోని మోహితే-పాటిల్, ఢిల్లీలోని సేఖ్రీ, ఇటలీలోని సెచ్చి కుటుంబాల అన్నదమ్ములు కలిసి పెట్టిన సంస్థ. వైన్ నిపుణుడు పియెరో మాసిని టస్కనీ నుంచి తెచ్చుకున్నారు. వాళ్ల పేరున్న రెడ్ వైన్ ‘సెట్టే’ని సాంజొవేజె, కాబెర్నే సొవిన్యాన్ అనే రెండు ద్రాక్షలు కలిపి చేస్తారు.

రెండెందుకు? నల్లద్రాక్షను చిదిమి చూడండి, చాలా రకాల్లో లోపలి గుజ్జుకు రంగే ఉండదు. ఎరుపంతా తొక్కలోని ఆంథోసయానిన్లనే రంగు పదార్థాలది. అందుకే రెడ్ వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలు చేస్తుంటే, పొంగే కార్బన్ డయాక్సైడు తొక్కలను పైకి నెట్టి మందపాటి తెట్టు కడుతుంది. అడుగు రసాన్ని తోడి రోజూ ఆ తెట్టు మీద పోయాలి, లేదా తెట్టునే కిందికి అదమాలి. లేకుంటే రంగు సరిగా దిగదు. పైగా గాలి తగిలే చోట వెనిగర్ బాక్టీరియా చేరుతుంది.

రంగు కొద్ది రోజుల్లోనే దిగుతుంది. నోరు పిడచకట్టించే వగరు, అంటే టానిన్, నిదానంగా ఊరుతుంది. ఆంథోసయానిన్ ఒక్కటే ఉంటే వెలిసిపోతుంది, టానిన్‌తో జతకడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయలో నానబెట్టేదీ టానిన్ కోసమే. సాంజొవేజెకు పులుపు దండి, రంగు పలచన. కాబెర్నేకు కాయ చిన్నది, తొక్క మందం, కాబట్టి రంగూ వగరూ అది ఇస్తుంది.

అసలు చిక్కు దక్కన్ ఎండ. 35 డిగ్రీలు దాటితే తొక్కలో రంగు సరిగా పుట్టదు, మాలిక్ ఆమ్లం తరిగిపోతుంది. పులుపు తగ్గితే ఉన్న ఎరుపూ మసకబారుతుంది. యూరప్‌లో ద్రాక్ష కోసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఇక్కడ అది వానలు వెనకపట్టే కాలం. అందుకని తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి మొదట్లో ఒకసారి, వానలు తగ్గాక మరోసారి. అప్పుడు కాయ చలిరాత్రుల్లో పండి ఫిబ్రవరి, మార్చికల్లా కోతకొస్తుంది. తీగకు కాసిన గుత్తులన్నీ ఉంచితే టన్నులొస్తాయి గానీ రంగు, రుచి పలచబడతాయి. కొన్నింటిని పచ్చిగా ఉండగానే తెంపి పారేయాలి. రైతుకు ప్రాణం ఉసూరుమనే పనే, కానీ నా దృష్టిలో నాణ్యత తేలేది అక్కడే, సీసా మీది చీటీలో కాదు.

రెడ్ వైన్ గుండెకు మంచిదనే మాట మాత్రం నమ్మకండి. 13 శాతం వైన్ 750 మి.లీ. సీసాలో సుమారు 77 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. సురక్షితమైన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చిచెప్పింది.

ఈ రసాయనశాస్త్రం చూడడానికి సీసా కొననక్కర్లేదు. నల్లద్రాక్ష తొక్కలను వేడినీళ్లలో నలిపి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం, రెండోదాంట్లో వంటసోడా వేయండి. మొదటిది ఎర్రబడుతుంది, రెండోది నీలి, ఆకుపచ్చ రంగుల్లోకి తిరుగుతుంది. పిల్లల చేత చేయించండి.