పింఛను సొమ్ము ఎక్కడ పెట్టాలి?

మా తరంలో గవర్నమెంటు ఉద్యోగికి పింఛను అంటే ఎండా వానా లాంటిది. వచ్చేదే గాని ఎంచుకునేది కాదు. నేను తపాలా శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై మూడేళ్ళు నౌకరీ చేసి బయటపడ్డాను. ఆఖరి జీతంలో సగం పింఛనుగా వస్తోంది. దానిమీద కరువు భత్యం. ఆ సొమ్ము ఎక్కడ పెరిగింది, ఎవరు పెంచారు అని ఆలోచించవలసిన అవసరం నాకెన్నడూ రాలేదు.

ఇప్పటి పిల్లలకు ఆ సుఖం లేదు. సైన్యం సంగతి అలా ఉంచితే, కేంద్ర ప్రభుత్వంలో 2004 జనవరి 1 నుంచి చేరినవారికి జాతీయ పింఛను పథకమే గతి అయింది. ఆంధ్ర రాష్ట్రోద్యోగులకు అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి అలాంటిదే వచ్చింది. మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో పదోవంతు ఉద్యోగి జీతంలోంచి కోస్తారు. కేంద్రోద్యోగులకైతే 2019 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం నూటికి 14 చొప్పున కలుపుతోంది. అంటే వంద రూపాయల మీద నెలనెలా ఇరవై నాలుగు రూపాయలు! ముప్ఫై ఏళ్ళపాటు! ఇంట్లో బంగారం కొనడానికి పది కొట్లు తిరిగే మనం, ఈ సొమ్ము ఏ కొట్లో ఉందో మాత్రం అడగం.

అదే 2019లో కేంద్రోద్యోగులకు మరొక హక్కు వచ్చింది. తమ సొమ్మును ఎవరు మదుపు చెయ్యాలో, ఎలా చెయ్యాలో తామే చెప్పవచ్చు. ఏమీ చెప్పకపోతే పాత పద్ధతిలోనే సాగిపోతుంది. చెప్పదలుచుకుంటే, మొత్తం ప్రభుత్వ ఋణపత్రాల్లోనే పెట్టమనవచ్చు; లేదా ఎల్.సి.25, ఎల్.సి.50 అనే రెండు రకాల్లో ఒకటి కోరవచ్చు. 2025లో షేర్ల పాలు ఇంకా ఎక్కువ ఉండే రకాన్నీ చేర్చారు. (2025 ఏప్రిల్‌లో మొదలైన ఏకీకృత పింఛను పథకం వేరే కథ. దాని జోలికి ఇప్పుడు పోను.)

ఈ గొడవ మా ఇంటికి మా అన్నగారి అమ్మాయి ద్వారా వచ్చింది. విజయవాడలో రైల్వే ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్ళు. "బాబాయ్, మా మామగారు మొత్తం ప్రభుత్వ పత్రాల్లోనే పెట్టమంటున్నారు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. నువ్వేమంటావ్?" అని ఫోను చేసింది.

దాని భయానికి కారణం నాకు తెలుసు. 1992లో దేశమంతా షేర్ల వెర్రి పట్టిన రోజుల్లో మా అన్నయ్య అప్పు చేసి ఒకే ఒక కంపెనీ షేర్లు కొన్నాడు. ఆ ఏడే బజారు కుప్పకూలింది. మరుసటి సంవత్సరం మా చెల్లెలి పెళ్ళి. ఆగడానికి లేదు. వచ్చిన కాడికి అమ్మి, మిగిలిన అప్పు ఏళ్ళ తరబడి తీర్చాడు. ఆయన పనిచేసింది ప్రైవేటు ప్రెస్సులో, పింఛను లేదు. ఇప్పుడు మా వదిన కూతురి దగ్గరే ఉంటోంది. ఆ యింట్లో షేరు అన్న మాట వింటే పొయ్యిమీద పాలు పొంగినంత కంగారు.

"మీ నాన్నని ముంచినవి షేర్లు మాత్రమే కాదమ్మా," అన్నాను. "అప్పు, ఒకే కంపెనీ, ఏడాదిలో పడ్డ అవసరం, ఈ మూడూ కలిశాయి. నీకు వాటిలో ఒక్కటీ లేదు. నీ సొమ్ము ఎన్నో కంపెనీల్లోకి కొంచెం కొంచెంగా పోతుంది. నీకు అవసరం పడేది ముప్ఫై రెండేళ్ళ తర్వాత."

ఆ ముప్ఫై రెండేళ్ళే అసలు సంగతి. ఇవాళ వాళ్ళింటి ఖర్చు నెలకు ముప్ఫై వేలనుకోండి. ధరలు ఏటా నూటికి ఆరు చొప్పున పెరిగితే, ఆ అమ్మాయి అరవయ్యో ఏట అదే బియ్యానికి, అదే పాలకు, అదే అద్దెకు లక్షా తొంభై మూడు వేలు కావాలి. అసలు పోకుండా ఉండడం ఒక క్షేమం. అన్నం దొరకడం మరొక క్షేమం. పడుచువాళ్ళకు రెండోదే ముఖ్యం.

పోనీ, ప్రభుత్వ పత్రాలు కదలవా అంటే అవీ కదులుతాయి. ఈ మాట చెబితే వాళ్ళ మామగారు నమ్మలేదు. నూరు రూపాయలకు ఏడు రూపాయల వడ్డీ ఇచ్చే పత్రం మీ చేతిలో ఉంది. రేపు ప్రభుత్వమే ఎనిమిది ఇచ్చే కొత్త పత్రం అమ్మితే, మీ దాన్ని నూరిచ్చి ఎవరు కొంటారు? ధర తగ్గుతుంది. వడ్డీలు దిగితే ధర పెరుగుతుంది. పథకంలో ఈ పత్రాలకూ బజారు ధరే కడతారు గనుక, ఖాతాలో అంకె అప్పుడప్పుడు వెనక్కి పోతుంది. ప్రభుత్వం ఎగవేస్తుందని కాదు, ధర మారుతుందని.

షేర్ల ఊగిసలాట ఇంకా పెద్దదనుకోండి. 2020 జనవరిలో 42 వేల దగ్గర ఉన్న సెన్సెక్సు మార్చి 23 నాటికి 26 వేల లోపుకు పడింది. ఆ డిసెంబరు ఆఖరుకు 47 వేలు దాటింది. ముప్ఫై ఏళ్ళు వ్యవధి ఉన్నవాడికి అది వార్త. ఆ మార్చి నెలాఖరునే పదవీ విరమణ అయినవాడికి గుండెపోటు!

అంచేతనే ఆ ఎల్.సి. రకాలు కనిపెట్టారు. ఎల్.సి.50లో ముప్ఫై అయిదేళ్ళ వయసు దాకా సొమ్ములో సగం షేర్లలో ఉంటుంది. తర్వాత ఏటా రెండేసి చొప్పున తగ్గి, యాభై అయిదో ఏటికి నూటికి పదే మిగులుతుంది. ఎల్.సి.25లో పాతికతో మొదలై, ఏటా ఒకటి తగ్గి, అయిదుకు దిగుతుంది. ఆ తగ్గించే పని మనం గుర్తుపెట్టుకోనక్కరలేదు. నాకు ఇందులో నచ్చింది అదే. బజారు వెలిగిపోతున్నప్పుడు తనంతట తాను షేర్లు తగ్గించుకునే మనిషిని నేనింకా చూడలేదు.

మా బావమరిదే దీనికి సాక్షి. హైదరాబాదులో కేంద్రోద్యోగం, యాభై నాలుగేళ్ళు. ఆఫీసులో కుర్రాళ్ళ ఖాతాలు చూసి వచ్చి, "బావా, నేనూ ఎల్.సి.50కి మారిపోతాను. ఆఖరి ఆరేళ్ళలో నాలుగు రాళ్ళు వెనకేసుకుంటా" అన్నాడు. పట్టిక తీసి ముందు పెట్టాను. యాభై నాలుగో ఏట అందులో షేర్లు నూటికి పన్నెండు! అతనున్న పాత పద్ధతిలోనే చాలా ఏళ్ళు నూటికి పదిహేను దాకా షేర్లలో పెట్టే వీలుండేది. "మరి దీనికింత హడావుడి దేనికి?" అని నీరుకారి కూర్చున్నాడు. పైగా అరవయ్యేళ్ళకు సొమ్మంతా చేతికి రాదు. ప్రభుత్వోద్యోగి మామూలుగా కనీసం 40 శాతం పెట్టి నెలనెలా పింఛను వచ్చే ఏర్పాటు కొనుక్కోవాలి. ఆ కొనే రోజున బజారు పడి ఉంటే పింఛనూ పడినట్టే. అతను ఉన్నచోటే ఉండిపోయాడు. అతని వరకు అది సరయిన పనే.

మదుపు చేసే సంస్థ ఏది మంచిదని కూడా అమ్మాయి అడిగింది. ఒక్క ఏడాది అంకెలు చూసి మార్చవద్దన్నాను. ఈ ప్రభుత్వోద్యోగుల పథకాల్లో మదుపు రుసుము ఏడాదికి వంద రూపాయలకు పది పైసల లోపే. అక్కడ బేరమాడి మిగుల్చుకునేదేమీ లేదు. షేర్లూ పత్రాల వంతులే ముఖ్యం. 2019 నాటి ఉత్తర్వు ప్రకారం సంస్థను ఏడాదికి ఒకసారి, వంతును రెండుసార్లు మార్చుకోవచ్చు. వీలుంది గదా అని మార్చనక్కరలేదు.

అమ్మాయి వారం రోజులు ఆలోచించి, వాళ్ళమ్మతో కూడా మాట్లాడి, ఎల్.సి.50 అని రాసిచ్చింది. ఏడాదికొకసారి లెక్క చూసుకుంటానంది. వాళ్ళ మామగారు మాత్రం రోజూ సాయంత్రం వార్తల్లో సెన్సెక్సు చూస్తున్నారట. పెరిగిన రోజున నోరు మెదపరు. తగ్గిన రోజున వంటింట్లోకి వినబడేటట్టు రెండుసార్లు చదువుతున్నారట.