సోలాపూర్ నుంచి హైదరాబాద్ కామెడీ షోకు: టికెట్టు కొనే ముందు చూసుకోవాల్సినవి

సోలాపూర్ నుంచి హైదరాబాద్‌కు రోడ్డు మీద దాదాపు 310 కిలోమీటర్లు. పెళ్లికో, పెద్దకర్మకో, యాదగిరిగుట్ట మొక్కుకో మన పెద్దలు ఎన్నోసార్లు తిరిగిన దారే. ఇప్పుడు కాలేజీకి వెళ్లే పిల్లలు ఇంకో కారణం చెబుతున్నారు. శనివారం సాయంత్రం తెలుగు కామెడీ షో ఉందట, అందరం కలిసి పోదామంటున్నారు. పెట్రోలు, టోలు, రాత్రి బస, నలుగురికి టికెట్లు కలిపితే చిన్న ఖర్చేమీ కాదు. అంత పెట్టి వెళ్లాక ఇంట్లో ఇద్దరు నవ్వి, ఇద్దరు మొహాలు చూసుకుంటూ కూర్చుంటే బాధగా ఉంటుంది.

అలా కాకూడదంటే ముందు తేల్చుకోవాల్సింది హోటలు సంగతి కాదు. ఆ షోలో మాట్లాడే తెలుగు మన ఇంట్లో ఎవరి చెవికి అందుతుంది అన్నది. తెలుగు చదవడం రాని పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకు తెలుగు పుస్తకం ఇస్తే పక్కన పెడతారు. కానీ హాస్యానికి అక్షరం అక్కర్లేదు, చెవి ఉంటే చాలు. ఆ చెవి మనం అనుకున్నదానికంటే వాళ్లకు బాగానే ఉందని మేము చూసినంతలో చెప్పగలం. షోను సరిగ్గా ఎంచుకోవాలి, అంతే.

ఇంట్లో అమ్మమ్మకో నానమ్మకో ఇదేమిటో చెప్పాల్సి వస్తే బుర్రకథ గుర్తుచేయండి. అందులో కథకుడికి ఒక పక్క రాజకీయం చెప్పే వంత, మరో పక్క హాస్యం చెప్పే వంత ఉంటారు కదా. కథకుడూ లేక, రెండో వంతా లేక, ఆ హాస్యం చెప్పేవాడొక్కడే మైకు పట్టుకుని నిలబడితే అదే స్టాండప్. మరాఠీ నాటకాలు చూసే ఇళ్లలో ఇంకా తేలిక. లక్ష్మణ్ దేశ్‌పాండే ఒక్కడే 52 పాత్రలు వేసి మూడు గంటలు నవ్వించిన 'వర్హాడ్ నిఘాలయ్ లండన్‌లా' పేరు సోలాపూర్‌లో తెలియనివారు తక్కువ. మనకు ఏకపాత్ర హాస్యం కొత్త కాదు. తెలుగులో చూడటమే కొత్త. వరంగల్‌కు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీని ఎరిగిన పెద్దలుంటే వాళ్లకు ఈ మాత్రం కూడా చెప్పక్కర్లేదు.

ఏ షో ఎలాంటిది

టికెట్ యాప్‌లో అన్నీ 'కామెడీ' అనే కనిపిస్తాయి కానీ అన్నీ ఒకటి కావు. ఓపెన్ మైక్ అంటే కొత్తవాళ్లు, పాతవాళ్లు తమ కొత్త జోకులను నాలుగైదు నిమిషాల చొప్పున పరీక్షించుకునే చోటు. టికెట్టు చవక. పేలేవి కొన్ని, పేలనివి ఎక్కువ. పక్క వీధిలో ఉంటే వెళ్లొచ్చు గానీ 300 కిలోమీటర్లు వెళ్లి చూసేది కాదు. లైనప్ షోలో నలుగురైదుగురు తలా పది పదిహేను నిమిషాలు చెబుతారు. ఒకరి భాష అందకపోయినా ఇంకొకరిది అందుతుంది, అందుకే మొదటిసారి వెళ్లే కుటుంబానికి మేము ఇదే చెబుతాం. సోలో అంటే ఒక్కరే గంట, గంటన్నర. ఆ గంట వెనక నెలల తరబడి ఓపెన్ మైకుల్లో అరిగిన జోకులుంటాయి కాబట్టి సరుకు గట్టిగానే ఉంటుంది. కానీ ఆ మనిషి మాట మీకు నచ్చకపోతే బయటపడే దారి లేదు. టికెట్టు కొనేముందు యూట్యూబ్‌లో ఆ కమెడియన్‌వి రెండు వీడియోలు ఇంట్లో అందరూ కూర్చుని చూడండి. నానమ్మ నవ్వలేదంటే ఎందుకు నవ్వలేదో అక్కడే తెలిసిపోతుంది.

'భాష: తెలుగు' అని రాసి ఉన్నా అది నిక్కమైన తెలుగు కాదు. హైదరాబాద్ వేదిక మీద తెలుగులోకి ఇంగ్లీషు దొర్లుతుంది, మధ్యలో దక్కనీ వచ్చిపడుతుంది. ఇక్కడ సోలాపూర్ వాళ్లకు ఒక లాభం ఉంది. బజారులో, కార్ఖానాలో దక్కనీ వినే పెరిగాం. 'నక్కో', 'హౌ' అనే మాటలకు మనకు అర్థం చెప్పాల్సిన పని లేదు. మీరు వెళ్లే దారి కూడా దక్కనీ హాస్యం నడిచిన దారే. 'కేవ్డే కా బన్' రాసిన దక్కనీ హాస్యకవి సులేమాన్ ఖతీబ్ ఊరు చిటగుప్ప హుమ్నాబాద్‌కు దగ్గరే. విశాఖ వైపు వెళ్లే బరంపురం కుటుంబానికి ఈ సౌకర్యం ఉండదు, ఆ అవసరమూ రాదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేం. చాలా ఏళ్లు తెలుగు సినిమాలో తెలంగాణ మాటను హాస్యగాడికో, రౌడీకో ఇచ్చేవారు. హీరో మాత్రం కోస్తా తెలుగే మాట్లాడేవాడు. తెలంగాణ ఉద్యమంలో ఈ ఫిర్యాదు గట్టిగా వినిపించింది. మనకు దాని దెబ్బ ఇంకో రకంగా తగిలింది. మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లు. వాళ్లు మోసుకొచ్చిన తెలుగుకు మనం మరాఠీ కలిపాం. బడి 'శాళ' అయింది, సెలవు 'సుట్టి' అయింది. చుట్టాలింటికి వెళ్తే 'మీ తెలుగు అదో రకం' అన్నారు. ఆ మాట విన్న పిల్లలు కొందరు నలుగురిలో తెలుగు మాట్లాడటమే మానేశారు. ఈ రోజు హైదరాబాద్ వేదిక మీద 'ఎందుకెల్లి', 'గట్లనే', 'ఏం జేద్దామంటవ్' అని మాట్లాడేవాడిని చూసి హాలు మొత్తం నవ్వుతోంది. అతన్ని చూసి కాదు, అతను చెప్పిన విషయానికి నవ్వుతోంది. ఈ తేడా మన పిల్లలు హాల్లో కూర్చుని చూడాలి. ఇంత దూరం తీసుకెళ్లడానికి మాకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

అందనివీ కొన్ని ఉంటాయి. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్లు, ఎంసెట్ ర్యాంకులు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు హైదరాబాద్ కమెడియన్లకు పంట పొలాలు. బారావీ పరీక్ష రాసి పుణెకు వెళ్లే మన పిల్లలకు ఆ గోడలు తెలియవు. కారులో వెళ్తూ పది నిమిషాలు చెప్తే సరిపోతుంది. హాల్లో మాత్రం అనువాదం చేయకండి. తెలుగులో జోకు చాలాసార్లు వాక్యం చివరి క్రియ దగ్గరే పేలుతుంది. 'ఏమన్నాడు?' అని ఒకరు, 'ఇలా అన్నాడు' అని ఇంకొకరు గుసగుసలాడేలోపు తర్వాతి రెండు జోకులు దాటిపోతాయి. పక్కవాళ్లవీ పోతాయి. తిరుగు ప్రయాణంలో కావలసినంత సమయం ఉంటుంది.

వయసు సంగతి ముందే చూడాలి. చాలా షోలకు 16 ఏళ్లు లేదా 18 ఏళ్లు నిండాలని టికెట్ పేజీలో చిన్న అక్షరాలతో ఉంటుంది. తలుపు దగ్గర ఆధార్ అడిగి పిల్లవాణ్ని ఆపితే, ఆ రాత్రి ఇంట్లో ఒకరు వాడితో బయటే కూర్చోవాలి. బూతు ఎంత ఉంటుందన్నది మాత్రం ఏ పేజీలోనూ సరిగ్గా రాయరు. అందుకే ఆ రెండు వీడియోలు చూడమన్నది. కోడలు, మామగారు పక్కపక్కన కూర్చుని వినలేని మాటలుంటే ఆ షోకు యువత విడిగా వెళ్లడమే మేలు. కులం మీద, నల్లగా లావుగా ఉన్నవాళ్ల మీద బతికే కమెడియన్లు కూడా ఉన్నారు. వాళ్లకు మన పెట్రోలు ఖర్చు పెట్టనక్కర్లేదని మా అభిప్రాయం.

ముందు వరుసలో కూర్చుంటే

ముందు వరుస టికెట్టు కొంటే మీరూ షోలో భాగమే. కమెడియన్ మొదట పలకరించేది ఆ వరుసనే. ఆలస్యంగా వచ్చినవాళ్లకూ అదే శిక్ష. పేరు, పని, ఊరు అడుగుతారు. మొహమాటపడేవాళ్లు నాలుగో వరుస తర్వాత కూర్చోండి. ఫోన్లో రికార్డు చేయడం దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. ఒకసారి వీడియో బయటికి వెళ్తే ఆ జోకు మళ్లీ చెప్పుకునేందుకు పనికిరాదు కాబట్టి ఆ కోపం న్యాయమైనదే.

మేము రెండు కుటుంబాలం కలిసి వెళ్లిన ఒక షోలో మాతో వచ్చిన పెద్దావిడ పట్టుబట్టి ముందే కూర్చుంది. 'ఏ ఊరవ్వా?' అని అడిగాడు కుర్రాడు. 'షోలాపూర్' అంది. 'షోలాపూర్ల తెలుగెవరు మాట్లాడ్తరవ్వా?' అన్నాడు. 'మీ ఇంట్ల షోలాపూర్ చద్దరు కప్పుకోలేదా బిడ్డా? అది నేసినోళ్లు' అంది ఆమె. హాలంతా చప్పట్లు. ఆ కుర్రాడు స్టూలు మీద కూర్చుండిపోయి, తన ఇంట్లో ఆ చద్దరు ఎన్నేళ్లుగా ఉందో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తర్వాత పది నిమిషాలు వాళ్లిద్దరి సంభాషణే షో. ఆమె మనవరాలు మర్నాడు ఫోన్లో స్నేహితురాళ్లకు ఇదంతా మరాఠీలో చెప్పబోయి, 'బిడ్డా' దగ్గర ఆగి, ఆ ముక్క తెలుగులోనే చెప్పింది.

దారి

జాతీయ రహదారి 65 ఒక్కటే పట్టుకుంటే చాలు. పుణె నుంచి సోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా వెళ్లే రోడ్డు ఇది. పాతవాళ్లు నంబరు 9 అనేవారు. నల్‌దుర్గ్, ఉమర్గా దాటితే కర్ణాటక. బసవకల్యాణ్ మలుపు, హుమ్నాబాద్ అయ్యాక జహీరాబాద్ దగ్గర తెలంగాణ. మూడు రాష్ట్రాలు దాటుతాం గానీ, 1948కి ముందు నల్‌దుర్గ్ నుంచి అవతలంతా నిజాం రాజ్యమే. సోలాపూర్ బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది. వానాకాలంలో అయితే నల్‌దుర్గ్ కోటలో పానీ మహల్ మీద నుంచి నీళ్లు దూకడం చూసి వెళ్లొచ్చు. దానికి గంటకు పైగా పడుతుంది, షో రోజు కాక తిరుగు రోజు పెట్టుకోండి.

ఉదయం ఏడింటికి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి సంగారెడ్డి చేరొచ్చు. పటాన్‌చెరు దగ్గర ముత్తంగిలో ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. చాలా కామెడీ షోలు గచ్చిబౌలి, మాదాపూర్, జూబ్లీహిల్స్ వైపు జరుగుతాయి. ఇవన్నీ నగరానికి మన వైపే ఉన్నాయి, ఊరు దాటాల్సిన పని లేదు. ముత్తంగిలో ఔటర్ ఎక్కి గచ్చిబౌలిలో దిగితే సరి. షో రవీంద్రభారతి లాంటి నగరం నడిబొడ్డు హాల్లో ఉంటే మాత్రం కారును మియాపూర్‌లో ఆపి మెట్రో ఎక్కండి, లక్డీకాపూల్ దాకా నేరుగా వెళ్తుంది. చివరి రైలు ఎన్నింటికో ముందే చూసుకోవాలి. శనివారం సాయంత్రం కూకట్‌పల్లిలో ఇరుక్కున్న కారులో వాచీ చూసుకోవడం కంటే ఇది నయం.

షో అయ్యేసరికి రాత్రి పది. ఆ ఊపులో 'ఇప్పుడే బయలుదేరితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం' అనేవాడు ప్రతి కుటుంబంలో ఒకడుంటాడు. వాడి మాట వినకండి. చెరకు క్రషింగ్ జరిగే చలికాలంలో బీదర్, ధారాశివ్, సోలాపూర్ జిల్లాల రోడ్ల మీద రాత్రిపూట చెరకు ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా రెండేసి ట్రాలీలతో నడుస్తాయి. దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. చుట్టాలింట్లోనో లాడ్జిలోనో పడుకుని ఆదివారం టిఫిను చేసి బయలుదేరండి. డ్రైవింగ్ వద్దనుకుంటే రైలుంది. అది కలబురగి, వాడి, తాండూరు, వికారాబాద్ మీదుగా తిరిగి వస్తుంది. దిగాక హాలుకు ఆటోనో మెట్రోనో చూసుకోవాలి.

బళ్లారి వాళ్లకు బెంగళూరు దాదాపు 310 కిలోమీటర్లే, హైదరాబాద్ అంతకంటే కొంచెం దూరం. హోసూరు వాళ్లకైతే బెంగళూరు గంట ప్రయాణం, రాత్రికి ఇంటికే చేరొచ్చు. అయితే బెంగళూరులో జరిగే తెలుగు షోలు ఎక్కువగా ఐటీ ఉద్యోగాలకు వచ్చినవారి కోసం. జోకులు ఆఫీసు, పీజీ అద్దె, వారాంతపు బస్సు టికెట్ల చుట్టూ తిరుగుతాయి. మూడు తరాలుగా అక్కడే ఉన్నవారికి అవి కొంత పరాయిగా అనిపించవచ్చు.

అసలు ప్రతిసారీ మనమే ఎందుకు వెళ్లాలి అని ఒక పాఠకుడు మమ్మల్ని అడిగారు. నాటకం ట్రూపును పిలవాలంటే సెట్లు, లారీ, పదిహేను మందికి భోజనాలు కావాలి. కమెడియన్‌కు కావాల్సింది ఒక మైకు, ఒక స్టూలు, చీకటి చేయగల హాలు. రాను పోను ఖర్చు, రాత్రి బస, పారితోషికం కలిపి ఎంతవుతుందో ముందే మాట్లాడుకుని దాన్ని సీట్ల సంఖ్యతో భాగిస్తే టికెట్టు ధర తేలుతుంది. మరాఠీ నాటకాలు ఆడే హుతాత్మ స్మృతి మందిరం మన ఊళ్లోనే ఉంది. హైదరాబాద్‌లో ఒక షో చూసి నచ్చితే, అయిపోయాక బయట ఫోటోల కోసం నిలబడినప్పుడు ఆ కమెడియన్‌ను నేరుగా అడగండి. సోలాపూర్‌లో హాలు నింపడానికి సరిపడా తెలుగువాళ్లున్నారని ఆయనకు చెప్పేవాళ్లు మనమే కావాలి.