ఎస్కలేడ్: నిచ్చెన చట్రంపై విలాసం

భారీ విలాసవంతమైన ఎస్‌యూవీ ఆవిర్భావాన్ని కేవలం వినియోగదారుల అభిరుచితో వివరించలేం. అమెరికాలో 1978 నాటి చట్టం ఇంధనాన్ని అధికంగా వాడే కార్లపై ప్రత్యేక పన్ను విధించింది. ట్రక్కుల తరగతిలో లెక్కించే వాహనాలకు మాత్రం అది వర్తించలేదు. ఇంధన పొదుపు ప్రమాణాలు కూడా వాటికి సడలింపుతోనే ఉండేవి. పెద్ద ఇంజను గల విలాస వాహనం ట్రక్కు చట్రాన్ని ఆశ్రయించడానికి ఇది ముఖ్య కారణం.

1997లో ఫోర్డ్ సంస్థ లింకన్ నావిగేటర్‌ను విడుదల చేసింది. దానికి పోటీగా జనరల్ మోటార్స్ 1998లో హడావిడిగా కాడిలాక్ ఎస్కలేడ్‌ను తెచ్చింది. జీఎంసీ యూకాన్ డెనాలికి కొద్దిపాటి మార్పులు చేసిన ఆ తొలి రూపాన్ని స్వతంత్ర సృష్టి అనడం కష్టం. 2002 మోడల్‌తోనే దానికి సొంత ముఖం ఏర్పడింది. నిచ్చెనలతో కోటగోడ ఎక్కడమని ఈ పేరుకు అర్థం. వాహనపు అడుగు చట్రం కూడా నిచ్చెన ఆకారంలోనే ఉండటం యాదృచ్ఛికం.

ఆ చట్రం దృఢమైనదే. అయితే వెనుక చక్రాలను కలిపే ఏకఖండ ఇరుసు గుంతల్లో పైకీ కిందికీ కదలడానికి చోటు కావాలి. అందువల్ల నేల ఎత్తుగా ఉండి, మూడో వరుసలో కూర్చున్నవారి మోకాళ్లు పైకి లేచేవి. ఇంత పెద్ద వాహనంలో ఇరుకు! 2021 మోడల్‌లో వెనుక చక్రాలకు విడివిడి సస్పెన్షన్ అమర్చాకే నేల దిగింది. ప్రచారమంతా 38 అంగుళాల వంపు తెరకు దక్కినా, అసలు మెరుగుదల ఇదే.