అంచు గట్టిగా ఉంటేనే బాట నిలుస్తుంది

మా ఇంటి గేటు నుండి వరండా వరకు 40 అడుగుల తారుబాట ఉన్నది. వేసిన కొత్తలో చూడముచ్చటగా ఉండేది. కొన్నాళ్ళకు రెండు ప్రక్కల అంచులు విరిగి కంకర తేలినది. వడ్ల బస్తాలతో ట్రాక్టరు వచ్చినప్పుడల్లా మరికొంత ఊడేది. పైన ఇంకొక పొర తారు వేయిస్తే చాలునని తలంచి, ఆ యేటి పంట డబ్బులో కొంత దానికే ఖర్చుపెట్టాను.

అది పొరపాటని మొదటి వానాకాలములోనే తెలిసినది. అంచుకు ఆధారము లేదు గనుక కొత్త పొర కూడా విరిగినది. బాట ఎత్తు పెరిగినందున వాననీరు వరండాలోనికి వచ్చినది. ఒక సాయంకాలము మా అమ్మగారు ఆ విరిగిన అంచుమీద కాలు మడతపడి పడిపోయారు. మణికట్టు ఎముక విరిగినది. పోయిన డబ్బుకంటె ఆ బాధ ఎక్కువ.

అప్పుడు మా ఊరి పెద్దమేస్త్రిని పిలిచాను. ఆయన తారువైపు చూడలేదు. అంచు ప్రక్కన పలుగుతో పొడిచి, పిడికెడు మట్టి తీసి చూపించాడు. అది బురదవలె ఉన్నది. "మాష్టారూ, తారు చెడలేదండీ, కింద నేల నానింది. ముందు నీళ్ళకు దారి చూపండి, తర్వాత అంచు కట్టండి, తారు ఆఖర్న" అన్నాడు.

ఈ మాట నేటిది కాదు. స్కాట్లాండు దేశస్థుడైన జాన్ లౌడన్ మెకాడమ్ (1756–1836), నేల పొడిగా ఉంటే బరువును అదే మోస్తుందని చెప్పి, నీరు జారిపోయేటట్లు ఎత్తుగా చిన్న కంకరతో బాటలు వేయించాడు. 1902లో ఇంగ్లాండులో ఎడ్గర్ పర్నెల్ హూలీ అనే ఇంజనీరు తారు కలిపిన రాతిచూర్ణపు బాటకు పేటెంటు పొందాడు. తారు, మెకాడమ్ పేర్లు కలిసి 'టార్మాక్' అయినది. నేడు మనము తారు అనేది ఎక్కువగా పెట్రోలియం నుండి తీసిన బిటుమెన్. సరుకు మారినది గాని నీటి సంగతి మారలేదు.

వేసవిలో పని మొదలుపెట్టాము. వరండా దగ్గర పెరిగిన పొరను చెక్కించి, బాటకు ప్రక్క కాలువవైపు 40 అంగుళాలకు 1 అంగుళము చొప్పున వాటం ఇచ్చాము. దారము కట్టి, గట్టి తారు తగిలేవరకు అంచులను తిన్నగా కోశారు. ప్రక్కన కందకము తీసి, దిమ్మిసతో కొట్టి, 4 అంగుళాల కాంక్రీటు పరచి, అది గట్టిపడకముందే అంచురాళ్ళు నిలబెట్టారు. రాయి వెనుక సగము ఎత్తువరకు కాంక్రీటు ఆనించారు. ఆ ఆనింపు లేకపోతే చక్రము త్రోపుకు రాయి ఒరిగిపోతుంది. కాలువవైపు రాయి తల తారుకంటె కొంచెము దిగువగా ఉంచారు. లేకుంటే ఆ రాయే గట్టువలె నీటిని నిలుపుతుంది.

కాంక్రీటును 7 రోజులు తడిపిన తరువాత, పాత తారుమీది దుమ్మును, గడ్డి వేళ్ళను ఊడ్చి, పలుచగా తారు పూసి, వేడి మిశ్రమమును పరచి, చల్లారకముందే రోలరు త్రిప్పారు. ఆ పూత మానితే పై పొర పెచ్చులుగా లేస్తుంది.

కొన్ని జాగ్రత్తలు జ్ఞాపకముంచుకొనండి. వేడి తారు దగ్గరకు పిల్లలను రానీయకండి. ఒంటిమీద పడితే చాలాసేపు చల్లని నీరు పోయండి. అంటుకొన్న తారును పెరకక వైద్యుని దగ్గరకు తీసుకొనిపోండి. డీజిలు కారితే తారు మెత్తబడుతుంది గనుక ట్రాక్టరును బాటమీద నిలుపకండి. ఎండాకాలములో మోటారు సైకిలు స్టాండు క్రింద చెక్కముక్క పెట్టండి.

ఇప్పుడు మా అమ్మగారు చేతికర్ర లేకుండానే గేటువరకు వెళ్ళి వస్తున్నారు. మీ ఇంటి బాట కూడా విరుగుతూ ఉంటే, తారు కొనకముందే ఒక వాననాడు గొడుగు పట్టుకొని గుమ్మములో నిలబడండి. నీరు ఎటు పోతున్నదో, ఎక్కడ నిలుస్తున్నదో చూడండి. పని అక్కడినుండే మొదలుపెట్టాలి.